వరద మోడల్‌లో గట్టు ఎత్తు

వరద మోడల్‌కు ముందుగా కావలసింది నేల ఎత్తు. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక నుంచి రాడార్‌తో కొలిచిన ఎస్ఆర్‌టీఎం ఎత్తులు అందరికీ ఉచితంగా దొరుకుతాయి. అయితే అందులో ఒక్కో గడి సుమారు 30 మీటర్లు. పైన నాలుగైదు మీటర్ల వెడల్పుండే గట్టు ఆ గడిలో పక్క పొలంతోనూ కాలువతోనూ కలిసిపోతుంది. సగటు ఎత్తే మిగులుతుంది. దాంతో గట్టు ఆపాల్సిన నీరు మోడల్‌లో నేరుగా ఊళ్లోకి వచ్చేస్తుంది. విమానం నుంచి లేజర్‌తో కొలిచే లైడార్ చాలా మెరుగు. కానీ మామూలు లైడార్‌కు నీళ్లున్న కాలువ అడుగు అందదు.

అందుకే మూల ఎత్తులను ముట్టుకోకుండా వాటి మీద సవరణ లేయర్లు వేస్తారు. ఆస్ట్రేలియాలో తయారైన టఫ్‌లో అనే వరద మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో వీటిని జెడ్ షేప్‌లంటారు. క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో గట్టు వెంట గీత గీసి, సర్వే ఎత్తులను దాని మీద బిందువులుగా ఇస్తారు. మధ్య ఎత్తులను టఫ్‌లోయే లెక్కగడుతుంది. ఒక బిందువు 21.40 మీటర్లు, తర్వాతిది 21.00 అయితే నడిమధ్య 21.20 వస్తుంది. నిజానికి అక్కడ పశువులు దిగి దిగి గట్టు 20.60కి అరిగి ఉంటే, వరద మొదట పొర్లేది ఆ చోటనే. మోడల్ మాత్రం అక్కడ పొడిగా చూపిస్తుంది. కాబట్టి సర్వేవాళ్లు సమాన దూరాల్లో కొలిచి ఊరుకోకూడదు, గట్టంతా నడిచి కుంగిన చోట్లన్నీ పట్టుకోవాలి.

గట్టుకు ‘మ్యాక్స్’ పెడితే గీత ఎత్తు, నేల ఎత్తుల్లో ఎక్కువైనది నిలుస్తుంది. కాలువ అడుగుకు ‘మిన్’ పెడతారు. ప్రహరీ గోడ లాంటి వాటికి సన్నగీత చాలు, అది గడుల అంచులనే లేపుతుంది. రోడ్డు కట్టకు గడి మొత్తాన్ని లేపే మందగీత కావాలి. లేయర్లను చదివే వరుసా ముఖ్యమే. కాలువ లేయర్ గట్టు తర్వాత వస్తే, రెండూ తగిలిన గడిలో గట్టు పోతుంది.

గట్టు ఎప్పుడూ నిలిచే ఉంటుందనుకోవడానికీ లేదు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగు కట్టకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగింది. ఇలాంటి గండిని చూపడానికి వేరియబుల్ జెడ్ షేప్ ఉంది. నీరు ఫలానా మట్టానికి చేరగానే గట్టు కోసుకుపోవడం మొదలై, చెప్పిన వ్యవధిలో చెప్పిన ఎత్తుకు దిగుతుంది.

సవరణలన్నీ అయ్యాక తుది ఎత్తులను చెక్ ఫైల్‌గా రాయించి, వాటిలోంచి మూల ఎత్తులను తీసేసి, తేడాను రంగుల్లో చూడాలి. గట్టు వెంట తేడా రంగు ఎక్కడైనా తెగితే, అక్కడ గీత అతకలేదో, మరో లేయర్ దాన్ని చెరిపేసిందో వెతకాలి.