చందా కట్టాం, జర్నల్ మనదేనా?

అక్టోబరు వస్తే కాలేజీ లైబ్రరీలో జర్నల్స్ చూసుకునేవాళ్లకు తీరిక ఉండదు. జర్నళ్లకు ఏడాది జనవరిలో మొదలవుతుంది, మన బడ్జెట్‌కు ఏప్రిల్‌లో. వచ్చే ఏడాది చందాను ఈ ఏడాది డబ్బుతోనే ముందుగా, మొత్తంగా కట్టేయాలి. ఏది ఉంచాలి, ఏది ఆపాలి అని డిపార్ట్‌మెంట్లకు జాబితాలు పంపాలి. ఏజెంటు ఇచ్చిన ప్రొఫార్మా సరిచూడాలి. రాని సంచికలకు క్లెయిమ్ లెటర్లు రాయాలి. బళ్లారిలో నేను ఎక్కువ కాలం చేసిన పని ఇదే. ఏ నెల ఏ సంచిక వచ్చిందో కార్డెక్స్ కార్డు మీద గుర్తు పెట్టడం, ఏడాది చివర అన్నీ కలిపి బైండింగుకు పంపడం, వెన్ను మీద బంగారు అక్షరాలతో సంవత్సరం వేయించడం నాకు ఎంతో ఇష్టంగా ఉండేది. అలా బైండు చేసిన వాల్యూము మరుసటి ఏడాది చందా కట్టకపోయినా అలమరాలోనే ఉండేది.

అచ్చు జర్నల్‌కు సంస్థల రేటు అని ఒకటుండేది. కేటలాగు చూస్తే తెలిసిపోయేది. భయమంతా మారకం రేటుతోనే. లైబ్రరీలకు వర్తించేది బ్యాంకు రేటు కాదు, పుస్తక వ్యాపారుల సమాఖ్య తరఫున గుడ్ ఆఫీసెస్ కమిటీ ప్రకటించే రేటు. 1991 జులైలో రూపాయి విలువను రెండు విడతల్లో దాదాపు 18 శాతం తగ్గించినప్పుడు దేశమంతటా లైబ్రరీలు విదేశీ జర్నళ్ల జాబితాలో కోతలు వేసుకున్నాయి. ఒకసారి ఆపిన జర్నల్‌ను మళ్లీ తెప్పించినా నడుమ పోయిన సంవత్సరాలు పూడవు. లైబ్రరీ నడిపినవాళ్లకు ఆ ఖాళీ ఎంత బాధో తెలుసు.

అందుకే ఆన్‌లైన్ వచ్చినప్పుడు సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. బెంగళూరులో 1996లో ఏర్పడిన రాజీవ్‌గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం 2003లో హెలినెట్ అనే కన్సార్షియం పెట్టింది. దాని కిందున్న కాలేజీలు తలా కొంత వేసుకుని వైద్య జర్నళ్లను ఉమ్మడిగా కొనే ఏర్పాటు అది. 1961లో మొదలై, మనమంతా విమ్స్ అని పిలుచుకునే బళ్లారి మెడికల్ కాలేజీ కూడా ఆ విశ్వవిద్యాలయం కిందిదే. విడిగా కొనాలంటే ఏ జిల్లా కాలేజీ కూడా మోయలేని జర్నళ్లు బెంగళూరులో తెరిచిన రోజే బళ్లారిలోనూ తెరుచుకునే దారి ఏర్పడింది. సముద్రం దాటి సంచిక వచ్చేదాకా వారాల తరబడి ఎదురుచూసిన మా ఊరికి అది చిన్న మేలు కాదు.

అయితే ధర కట్టే తీరు మారిపోయింది. విద్యార్థులు ఎందరు, పరిశోధన ఎంత, పాత చందా ఎంత అని లెక్కలు వేసి ప్రచురణకర్తలు ఒక్కో సంస్థకు ఒక్కో ధర చెప్పసాగారు. కావలసిన పది జర్నళ్లు కావాలంటే అక్కరలేని వందతో కలిపి మూటగా కొనాలి. పైగా ఎంతకు కొన్నారో బయట చెప్పకూడదని ఒప్పందాల్లో షరతులు. అమెరికాలో కొందరు ఆర్థికవేత్తలు ప్రభుత్వ సమాచార చట్టాల కింద ఆ ఒప్పందాలు తెప్పించి చూశారు. ఒకే మూటకు ఒకే స్థాయి విశ్వవిద్యాలయాలు చెల్లిస్తున్న ధరల్లో చాలా తేడా ఉందని 2014లో ప్రచురించారు. అంతకు రెండేళ్ల ముందే, జర్నళ్ల ఖర్చు ఏడాదికి 37.5 లక్షల డాలర్లకు చేరిందని, ఇలా మోయలేమని హార్వర్డ్ లైబ్రరీ సలహా మండలి తన అధ్యాపకులకు చెప్పింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2019లో ఎల్సెవియర్ చందా ఆపేసి, తమ అధ్యాపకుల వ్యాసాలను లోకమంతా ఉచితంగా చదివే షరతు మీద 2021లో మళ్లీ ఒప్పందం చేసుకుంది. అంత పెద్ద సంస్థ కనుక నిలబడి బేరమాడగలిగింది. మన జిల్లా కాలేజీ ఒంటరిగా బేరమాడితే వినేదెవరు?

ఆ పనిని ఇప్పుడు కేంద్రం తీసుకుంది. 2024 నవంబరు 25న మంత్రివర్గం ఆమోదించిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ 2025 జనవరి 1 నుంచి నడుస్తోంది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు, 6,300కు పైగా ప్రభుత్వ సంస్థలు, 1.8 కోట్ల మంది చదువరులు. తలకు లెక్కేస్తే ఏడాదికి సుమారు 1,100 రూపాయలు. ఇది మంచి పని, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. మన కర్ణాటక, ఆంధ్ర సరిహద్దుకు అటూ ఇటూ ఒకే కృష్ణదేవరాయలవారి పేరుతో రెండు విశ్వవిద్యాలయాలున్నాయి. అనంతపురానిది 1981లో, బళ్లారిది 2010లో ఏర్పడ్డాయి. రెండూ ప్రభుత్వానివే కాబట్టి రెండింటికీ ఈ పథకంలో చోటుంది.

నా కలవరం వేరు. 2010లో పుట్టిన విశ్వవిద్యాలయానికి దశాబ్దాల బౌండ్ వాల్యూములు పోగేసుకునే కాలం దొరకలేదు. అది చదివేదంతా తెర మీదే. ఈ పథకానికి మంజూరు 2027 డిసెంబరు దాకానే. ఆ తర్వాత ధర కుదరకపోతే, ఈ మూడేళ్ల సంచికలు మన దగ్గర మిగులుతాయా? కొన్ని ఒప్పందాల్లో డబ్బు కట్టిన సంవత్సరాలను ఎప్పటికీ చదువుకునే హక్కు ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. తుంగభద్ర కాలువల కింద బతికే మనకు ఇది వేరే చెప్పనక్కరలేదు. 2024 ఆగస్టులో డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు పొలంలో బావి ఉన్న రైతు కంగారు వేరు, కాలువ తప్ప దిక్కులేని రైతు కంగారు వేరు.

రెండోది, చదివే మనిషి. అచ్చు జర్నల్ ఉన్న రోజుల్లో ప్రాక్టీసు పెట్టుకున్న డాక్టరో, పల్లె బడి మాస్టారో వచ్చి, “సార్, ఒక్క గంట కూర్చొని చూసుకుంటాను” అంటే కుర్చీ చూపించేవాళ్లం. పుస్తకంలో సంతకం చేస్తే చాలు. ఇప్పుడు సంస్థ లాగిన్ లేనివాళ్లకు ఆ తలుపు మూసే ఉంటుంది. పథకం తొలి దశలో ప్రైవేటు కాలేజీలకు చోటే లేదు. ఒకే వీధిలో ఉండే ఇద్దరు పిల్లల్లో సర్కారు కాలేజీ పిల్లకు 13,000 జర్నళ్లు, ప్రైవేటు కాలేజీ పిల్లవాడికి దీని కింద ఏదీ లేదు. ఫీజు కట్టి చదువుతున్నవాళ్లంతా కలిగినవాళ్లు కారు. ఇది అన్యాయం.

మన దేశపు జర్నళ్ల సంగతీ చూడాలి. బెంగళూరు నుంచి 1932లో మొదలైన కరెంట్ సైన్స్‌ను, సైన్స్ అకాడమీ 1996 నుంచి తెస్తున్న రెజొనెన్స్‌ను ఆన్‌లైన్‌లో ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. ప్రజల డబ్బుతో తయారైన విజ్ఞానం ఇలాగే అందాలి. అయినా ఉచితమే కదా అని అచ్చు ప్రతి చందా మానేయడం సరికాదు. ఆ చిన్న చందాలే వాటికి ఊపిరి. విదేశీ మూట దొరికిందన్న ధీమాతో కొన్ని కాలేజీలు ముందుగా కోస్తున్నవి వీటినే, అదీ ఆదా అన్న పేరుతో.

బళ్లారి, అనంతపురం, కర్నూలు జిల్లాల ప్రిన్సిపాళ్లకు, లైబ్రరీ కమిటీల పెద్దలకు నా మనవి. స్థలం చాలలేదని బౌండ్ వాల్యూములను గుజరీ అంగడికి తూకానికి వేయకండి. మీకు బరువైతే పక్క కాలేజీకో విశ్వవిద్యాలయానికో రాసి, తీసుకుంటారేమో అడగండి. భారతీయ జర్నళ్లలో కొన్నింటినైనా అచ్చులో తెప్పించండి. బయటి చదువరికి లైబ్రరీలో ఒక కంప్యూటరు వాడుకునే అనుమతి ఒప్పందంలో ఉందో లేదో కనుక్కోండి, లేకపోతే అడగండి. డబ్బు కట్టిన సంవత్సరాల మీద శాశ్వత హక్కు కావాలని, ప్రైవేటు కాలేజీ పిల్లలనూ చేర్చాలని కేంద్రానికి ఇప్పుడే ఉత్తరాలు రాయండి. 2027 డిసెంబరు తర్వాతి కాలానికి బేరాలు అంతకు ముందే తేలిపోతాయి.