తరణం నుంచి పరిక్రమకు: ఏకాకి సముద్రయాన కథనాలు – తెలుగు యాత్రాసాహిత్య దృష్టి

వ్యాససంగ్రహం:
చిన్న తెరచాప పడవలో ఒంటరిగా మహాసముద్రం మీదికి బయలుదేరిన నావికులు రాసిన గ్రంథాలు ప్రపంచ యాత్రాసాహిత్యంలో ఒక ప్రత్యేక శాఖ. తెలుగు యాత్రాసాహిత్య విమర్శ ఈ శాఖను ఇంతవరకు తగినంతగా పట్టించుకోలేదు. ఈ కథనాల్లో బయలుదేరే ఘట్టం, సాక్షి లేని కథనంలోని సత్యం, తిరిగిరావడం అనే మూడు అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగు సాహిత్యం సముద్రాన్ని ప్రధానంగా 'దాటవలసినది'గా చూసిందనీ, ఏకాకి నౌకాయానం దాన్ని 'చుట్టి రావలసినది'గా చూస్తున్నదనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: యాత్రాసాహిత్యం, ఏకాకి నౌకాయానం, తరణం, పరిక్రమ, సాగర పరిక్రమ, తారిణి.

1. ఉపోద్ఘాతం:
ఈ వ్యాసం రాస్తున్నది హైదరాబాదు తూర్పు అంచున, కొత్తపేటలో. ఇక్కడికి దగ్గరలో ఉన్న పెద్ద నీరు సరూర్‌నగర్ చెరువు. బంగాళాఖాతం చూడాలంటే ఒక రాత్రి రైలు ప్రయాణం చేయాలి. మా తరగతుల్లో యాత్రాచరిత్రలు చదివే విద్యార్థుల్లో చాలామందికి సముద్రం ఒక సెలవురోజు జ్ఞాపకం మాత్రమే. అయినా భూమిని చుట్టివచ్చిన భారత నౌకాదళ పడవ 'తారిణి'లోని ఆరుగురు మహిళా అధికారులలో లెఫ్టినెంట్ ఐశ్వర్య బొడ్డపాటి హైదరాబాదు నుంచి వెళ్ళినవారే. సముద్రం లేని ఊరినుంచి సముద్రం మీదికి దారి ఉన్నప్పుడు, ఆ అనుభవాన్ని చదివే పద్ధతి మన విమర్శలో ఎందుకు లేదన్నది ఈ వ్యాసానికి మూలప్రశ్న.

2. తెలుగులో సముద్రం – దాటవలసిన నీరు:
తెలుగువారికి సముద్రం కొత్తది కాదు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేలమీద రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉంది. 1244 నాటి మోటుపల్లి శాసనంలో కాకతీయ గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయమిచ్చాడు. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలలోని సరుకును పూర్వరాజులు స్వాధీనం చేసుకునేవారనీ, తాను నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోననీ ప్రకటించాడు. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి సముద్ర వర్తకుడు. ఆ కృత్యాదిలో ద్వీపాంతరాల నుంచి వచ్చిన కర్పూరం, ఏనుగులు, గుర్రాలు, పట్టు ప్రస్తావనకు వస్తాయి. అయితే ఇక్కడ ఒక విషయం గమనించాలి. సరుకుల పట్టిక ఉంది; ఆ సరుకు తెచ్చిన నావికుడి అనుభవం లేదు. రాజు మాట, వర్తకుడి వైభవం సాహిత్యానికి ఎక్కాయి. నడిసముద్రంలో రాత్రి చుక్కాని పట్టుకున్నవాడి మాట ఎక్కలేదు.

మరోవైపు కావ్యభాషలో, భక్తిసాహిత్యంలో సముద్రం ఒక రూపకంగా స్థిరపడింది. సంసారసాగరం, భవసాగరం, దుఃఖసముద్రం అనే సమాసాలన్నిటిలో సముద్రం అడ్డంకి. ఆవలి ఒడ్డు గమ్యం. 'తరించు' అనే క్రియకు మొదటి అర్థమే దాటడం. దాటినవాడికి సముద్రంతో పని తీరిపోతుంది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అనే సామెత అవసరం తీరాక మరిచిపోయేవారిమీద వేళాకోళమే అయినా, నీటితో మన సాహిత్య సంబంధానికి కూడా సరిపోతుంది. ఈ దృష్టికి 'తరణ దృష్టి' అని పేరు పెట్టుకుందాం.

3. బయలుదేరే ఘట్టం – ఒంటరివాడి వెనుక ఉన్నవారు:
ఏకాకి సముద్రయాన రచనకు ఆద్యగ్రంథం జాషువా స్లోకమ్ 1900లో ప్రచురించిన యాత్రాకథనం. అతడు 1895 ఏప్రిల్ 24న 'స్ప్రే' అనే పడవలో బోస్టన్ నుంచి బయలుదేరి, 1898 జూన్ 27న న్యూపోర్ట్ చేరాడు. పడవ పొడవు నలభై అడుగులు కూడా లేదు. గ్రంథం సముద్రంతో మొదలుకాదు. శిథిలమైన పాత పడవను ఒక్కొక్క చెక్కా మార్చి తిరిగి కట్టుకోవడంతో మొదలవుతుంది. బయలుదేరడమన్నది తాడు విప్పిన క్షణం కాదనీ, అది నెలల తరబడి చేతిపనిలో జరుగుతుందనీ ఈ నిర్మాణం చెబుతుంది.

తెలుగు పాఠకుడికి ఏకాకి సముద్రలంఘనం అనగానే గుర్తుకొచ్చేది హనుమంతుడు. కష్టంలో ఉన్న ఇంట సుందరకాండ పారాయణ చేయడం నేటికీ ఉన్న ఆచారం. ఆ ఘట్టాన్ని ఈ కోణంనుంచి మళ్ళీ చదివితే మూడు విషయాలు కనిపిస్తాయి. ఒకటి, హనుమంతుడు తనంతట తాను బయలుదేరలేదు. అతని శక్తిని అతనికి గుర్తుచేయడానికి జాంబవంతుడు కావలసివచ్చాడు. రెండు, విశ్రాంతి తీసుకొమ్మని మైనాకుడు చేసిన ఆహ్వానాన్ని అతడు చేతితో తాకి గౌరవించి, ఆగకుండా సాగిపోయాడు. మూడు, అతడు గాలి కొడుకు. ఎగరడానికి ముందు వాయువుకు నమస్కరించాడు.

భారత నౌకాదళం చేపట్టిన 'సాగర పరిక్రమ' కథలో ఈ మూడూ ఆధునిక రూపంలో కనిపించడం విశేషం. భారతీయుడొకడు ఒంటరిగా తెరచాప పడవలో భూమిని చుట్టిరావాలన్న ఆలోచన విశ్రాంత వైస్ అడ్మిరల్ మనోహర్ అవతిది. దాన్ని మొదట నెరవేర్చినవాడు కమాండర్ దిలీప్ దోందే. గోవాలో నిర్మించిన 'మాదేయి' పడవలో 2009 ఆగస్టులో ముంబయి నుంచి బయలుదేరి, నాలుగు రేవులలో ఆగి, 2010 మేలో తిరిగివచ్చాడు. అప్పుడు ఒడ్డున ఉండి అతనికి సహాయపడిన అభిలాష్ టామీ అదే పడవలో 2012 నవంబరు 1న బయలుదేరి, ఎక్కడా ఆగకుండా, బయటి సాయం లేకుండా 2013 మార్చి 31న ముంబయి చేరాడు. అతని ఆంగ్ల గ్రంథం పేరులో ఉన్న 151 అనే సంఖ్య ఆ రోజుల లెక్కే. మైనాకుడి ఆతిథ్యాన్ని కాదనడం ఇక్కడ యాత్రానియమం అయింది.

దీన్నిబట్టి ఏకాకి యానం అనే మాటను సవరించుకోవాలి. పడవలో ఒక్కడే ఉంటాడు. యానంలో ఒక్కడే ఉండడు. ప్రేరేపించినవాడు, పడవ కట్టినవాడు, ఒడ్డున కాచుకున్నవాడు ఆ ఒంటరితనాన్ని సాధ్యం చేస్తారు. ఒంటరితనం ఇక్కడ వ్యక్తివాద ప్రకటన కాదు, అనేకులు కలిసి ఒకరికి అప్పగించిన పని.

4. సాక్షి లేని గ్రంథం:
ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుంచి కాశీయాత్రకు బయలుదేరినప్పుడు ఆయన వెంట దాదాపు వందమంది పరివారం ఉంది. దారిలో చూసినదాన్ని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు రాసి పంపేవాడు. ఆ రాతలే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. తెలుగు యాత్రాసాహిత్యం ఈ విధంగా వందమంది సాక్షులతో, ఎదురుచూసే ఒక పాఠకుడితో మొదలైంది.

ఏకాకి నావికుడికి సాక్షి లేడు. అతడు చెప్పిన అలల ఎత్తును, గాలి వేగాన్ని ఎవరూ చూడలేదు. అందుకే ఈ శాఖలో సత్యం అన్నది శైలికి సంబంధించిన ప్రశ్న కూడా అవుతుంది. స్లోకమ్ అస్వస్థతతో పడిపోయిన రాత్రి, కొలంబస్ ఓడల్లో ఒకటైన 'పింటా' చుక్కానివాడు వచ్చి తన పడవను నడిపించాడని రాశాడు. దాన్ని భ్రమ అని తోసిపుచ్చడం సులభం. సాక్షి లేనిచోట మనసు ఒక సాక్షిని కల్పించుకుంటుందని చదవడం విమర్శకు మరింత ఉపయోగం.

ఈ సమస్యకు మరో ముఖం 1968–69 గోల్డెన్ గ్లోబ్ పందెంలో ఉంది. ఆ పందెంలో పాల్గొన్న డొనాల్డ్ క్రౌహర్స్ట్ అట్లాంటిక్ దాటి వెళ్ళకుండానే, తాను భూమిని చుడుతున్నట్టు దొంగలెక్కలు పంపాడు. 1969 జులైలో అతని పడవ ఖాళీగా దొరికింది. అందులో నిజం లెక్కలూ కల్పిత లెక్కలూ ఉన్నాయి. ప్రపంచాన్ని నమ్మించగల రాత ఉన్నా, దాన్ని రాసినవాడే అందులో నివసించలేకపోయాడు. నౌకాదినచర్య అన్నది ఎవరూ తనిఖీ చేయనప్పుడు కూడా నిజమే రాయవలసిన ప్రక్రియ అని ఈ విషాదం చెబుతుంది. యాత్రాసాహిత్యంలో ప్రామాణికత గురించి పరిశోధించేవారికి ఇంతకన్నా తీవ్రమైన ఉదాహరణ దొరకదు.

5. పరిక్రమ దృష్టి:
అదే పందెంలో గెలిచిన రాబిన్ నాక్స్-జాన్స్టన్ 1968 జూన్ 14న ఫాల్మత్ నుంచి బయలుదేరి 312 రోజులకు అక్కడికే తిరిగివచ్చాడు. అతని 32 అడుగుల టేకు పడవ 'సుహైలి' బొంబాయిలో తయారైంది. బెర్నార్డ్ మ్వాతెస్యే మాత్రం పందెం వదిలి, యూరపుకు తిరిగివెళ్ళకుండా, సాగి సాగి తాహితీ చేరాడు. ఈ ముగ్గురూ తిరిగిరావడం అనే ప్రశ్నకు మూడు జవాబులు. ఒకడు తిరిగివచ్చాడు, ఒకడు తిరిగివచ్చినట్టు కల్పించబోయాడు, ఒకడు తిరిగిరావడాన్ని నిరాకరించాడు.

తరణ దృష్టిలో ఈ ప్రశ్నకు చోటులేదు. ఆవలి ఒడ్డు చేరితే చాలు. భూప్రదక్షిణలో ఆవలి ఒడ్డు అనేదే ఉండదు. బయలుదేరిన రేవే చేరవలసిన రేవు. నౌకాదళం ఈ యాత్రకు 'సాగర పరిక్రమ' అని పేరు పెట్టడం ఈ కారణంగా సార్థకమైంది. ప్రదక్షిణలో చుట్టే వస్తువు కుడిచేతివైపు ఉండాలి. దక్షిణ సముద్రాలలో పడమటి గాలులు బలంగా వీస్తాయి గనుక తెరచాప పడవలు సాధారణంగా తూర్పుముఖంగా చుట్టివస్తాయి. తూర్పుకు తిరిగిన నావికుడికి దక్షిణం కుడివైపు ఉంటుంది. అంటే నెలల తరబడి అంటార్కిటికా అతని కుడిచేతివైపే ఉంటుంది. గాలి నిర్ణయించిన ఆ దారి, గుడిచుట్టూ తిరిగే దారి ఒకే దిశలో సాగుతాయి. ఇది యాదృచ్ఛికమే కావచ్చు. కానీ ప్రదక్షిణలో మారేది గర్భగుడి కాదు, తిరిగినవాడు అన్న భావం ఈ గ్రంథాలను చదవడానికి మనకు ఒక సొంత పనిముట్టును ఇస్తుంది.

2018లో అభిలాష్ టామీ రెండోసారి బయలుదేరిన పడవ పేరు 'తురీయ'. అది సుహైలికి ప్రతిరూపం. ఆ సెప్టెంబరులో హిందూ మహాసముద్రపు దక్షిణభాగంలో తుపానుకు స్తంభాలు విరిగి, అతని వెన్నుకు తీవ్రగాయమైంది. ఫ్రెంచి నౌక ఒకటి అతణ్ణి రక్షించింది. 2022లో అదే పందేనికి మళ్ళీ వెళ్ళి, 2023లో రెండో స్థానంలో ముగించాడు. సగంలో ఆగిన పరిక్రమను మొదటినుంచి మొదలుపెట్టడం తరణ దృష్టికి అర్థంకాదు, పరిక్రమ దృష్టికి అర్థమవుతుంది.

6. తారిణి – తెలుగు సందర్భం:
2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరిన 'నావికా సాగర పరిక్రమ' ఏకాకి యానం కాదు. వర్తికా జోషి నాయకత్వంలో ఆరుగురు మహిళలు 254 రోజుల యాత్ర చేసి 2018 మే 21న తిరిగివచ్చారు. వారిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి తెలుగువారు. ఏకాకి యాత్రికుడైన దిలీప్ దోందే వీరికి శిక్షకుడు. ఒకరి ఒంటరి అనుభవం ఆరుగురికి పాఠ్యమైందన్నమాట.

పడవకు పెట్టిన పేరు ఒడిశాలోని గంజాం జిల్లాలో వెలసిన తారా తారిణి దేవిది. నావికులు కొలిచే ఆ దేవత పేరుకు 'దాటించేది' అని అర్థం. పడవ పేరులో తరణం, యాత్ర పేరులో పరిక్రమ. ఈ వ్యాసం విడదీసి చూపిన రెండు దృష్టులూ ఆ పడవలో కలిశాయి. దాటించే తల్లి పేరు పెట్టుకున్న పడవ ఏ ఒడ్డుకూ దాటించకుండా భూమిని చుట్టి ఇంటికి తెచ్చింది.

7. ముగింపు:
ఒక ఆక్షేపణను ఇక్కడ ఎదుర్కోవాలి. రాజ్యం ఖర్చుతో సాగిన సాహసాలకు ఇంత ప్రాధాన్యమా, రోజూ తెల్లవారుజామున తెప్పమీద వెళ్ళే జాలరి మాటేమిటి అని అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనది. నిజానికి ఈ రెండూ ఒకే పరిశోధనలో భాగాలు. ఇలాంటి గ్రంథాన్ని తెలుగులోకి తేవాలంటే తెరచాప, చుక్కాని, లంగరు, ఆటు, పోటు, సరంగు వంటి మాటలు కావాలి. వాటికి సజీవ నిఘంటువు వాడబలిజల, జాలరుల నోట ఉంది. మర పడవలు వచ్చాక తెరచాప వాడకంతోపాటు దాని పదజాలమూ తగ్గిపోతోంది. ఆ మాటలు పోయాక తెలుగులో సముద్రం మళ్ళీ రూపకంగానే మిగులుతుంది.

అభిలాష్ టామీ తన అనుభవాన్ని మాతృభాష మలయాళంలోనూ గ్రంథస్థం చేశాడు. తెలుగు నావికుల అనుభవమూ తెలుగులో గ్రంథరూపం పొందవలసి ఉంది. యాత్రాసాహిత్య పరిశోధకులు ముందుగా చేయవలసిన పనులు రెండు: తీరప్రాంత నావికుల మౌఖిక కథనాలను వారి పదజాలంతో సహా నమోదు చేయడం, ఏకాకి సముద్రయాన గ్రంథాలను ఆ పదజాలంతో అనువదించడం. మోటుపల్లి శాసనం ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకుకు రక్షణ ఇచ్చింది. ఒడ్డుకు చేరిన అనుభవానికి అలాంటి రక్షణ ఇవ్వవలసింది విమర్శ.