పాత గోడల్లో కొత్త కాపురం

పాత భవనాన్ని కొత్త పనికి వాడుకుందామని ఎవరైనా అంటే నేను ముందుగా అడిగేది బాత్‌రూముల సంగతి. నవ్వుతారు. దర్బారు హాల్లో మ్యూజియం పెట్టొచ్చు, లైబ్రరీ పెట్టొచ్చు. కానీ నీళ్ల పైపులు, కరెంటు వైర్లు ఎటు పోవాలన్న దగ్గరే ఆ కట్టడం భవిష్యత్తు తేలిపోతుంది. ఏసీ కోసం గోడకు బొక్క కొట్టడానికి పూట పట్టదు. పోయిన గచ్చుపని మళ్లీ రాదు.

హైదరాబాద్ కోఠిలోని రెసిడెన్సీ నాకిష్టమైన ఉదాహరణ. నిజాం దగ్గర బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న కిర్క్‌పాట్రిక్ హయాంలో, 1803లో పని మొదలైంది. ఎత్తయిన స్తంభాలు, మెట్లకు అటూ ఇటూ సింహాలు. 1949లో అందులోకి మహిళా కళాశాల వచ్చింది. దొరల దర్పం కోసం లేచిన కప్పు కింద మన ఊళ్ల ఆడపిల్లలు పాఠాలు విన్నారు! అదే ఊళ్లోని ఫలక్‌నుమా ప్యాలెస్ 2010లో హోటలైంది. బాగుచేసిన తీరుకు వంక పెట్టను గానీ, నా ఓటు కాలేజీకే.

వాడకం ఒక్కటే సరిపోదనీ కోఠీయే చెప్పింది. భవనం పాడై తరగతులు బయటికి రావాల్సొచ్చింది. వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ తోడ్పాటుతో మరమ్మతులు జరిగాయి.

మరమ్మతంటే గానుగ సున్నం. గుండ్రటి తొట్టిలో సున్నం, ఇసుక రాతిచక్రం కింద నలుగుతుంటే కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు పోస్తారు. పులిసిన వాసన కొడుతుంది. ముద్ద వెన్నలా జారేదాకా మేస్త్రి ఒప్పుకోడు. ఈ పూత చెమ్మను పీల్చి మళ్లీ గాలికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కుకుంటుంది. ఉప్పు పొంగి పెచ్చులూడతాయి. అది చూసి ఇంకాస్త సిమెంటు పూయించే ఆఫీసర్లకు మన దగ్గర లోటు లేదు.

హైదరాబాద్‌లోనే ఉన్న ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కూల్చాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేసింది. సంతోషం. కానీ ఇలాంటి భవనాల్లో రేపు ఎవరు కూర్చోవాలో కోర్టులు చెప్పవు కదా. నన్నడిగితే జనం రోజూ వచ్చిపోయే పని ఏదైనా ఫర్వాలేదు: లైబ్రరీ, సంగీతం బడి, మీసేవ అయినా సరే. తాళం వేసిన భవనంలో కప్పు కారుతోందన్న సంగతి వానాకాలం వెళ్లాక గానీ బయటపడదు.