సందు పూడ్చే చెయ్యి

అనంతపురం మెట్టల్లో ఆషాఢం వచ్చిందంటే వాన మాట దేవుడెరుగు, గాలి మాత్రం తప్పదు. ఉరవకొండ, బెళుగుప్ప వైపు గాలిమరలు ఊరికే వెలవలేదు. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో హగరి ఇసుక ఈ గాలికే లేచి చేల మీద దిబ్బలు కడుతుంది. ఇలాంటి చోట కొత్త కిటికీ పక్కన గోరంత సందు మిగిలినా చాలు, పొద్దున తుడిచిన గట్టు మీద సాయంత్రానికి వేలితో పేరు రాసుకోవచ్చు.

పాత ఇళ్లకు ఈ బాధ ఇంతగా లేదు. కొయ్య చట్రాన్ని ముందు నిలబెట్టి, ఇనుప పట్టీలు కొట్టి, దానికి ఆనించే గోడ లేపేవారు. ఇప్పుడు గోడ, ప్లాస్టరింగు, గ్రానైటు గట్టు అన్నీ అయ్యాక యూపీవీసీ కిటికీ చివర్న వస్తుంది. అది లోపల పట్టాలంటే చుట్టూ 5 నుంచి 10 మిల్లీమీటర్లు వదలక తప్పదు. కొందరు అందులో సిమెంటు కూరేసి పని అయిపోయిందంటారు. మీటరున్నర యూపీవీసీ చట్రం 30 డిగ్రీల వేడి పెరిగితే సుమారు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. అల్యూమినియమైతే అందులో మూడోవంతే. ఎండకు సాగి రాత్రికి ముడుచుకునే దాని పక్కన కదలని సిమెంటు పెడితే, బీట పడటానికి ఒక్క ఎండాకాలం చాలు.

పని తెలిసిన ఫిట్టరు చేసేది చూడాలి. ముందు బ్రష్షుతో సందులోని దుమ్మంతా ఊడుస్తాడు. తర్వాత నీళ్లు చిలకరిస్తాడు. ఇదేమిటి, జిగురు పనికి ముందు తడేమిటి అనిపిస్తుంది. సందు నింపడానికి డబ్బాలోంచి కొట్టే పీయూ ఫోము గట్టిపడేది తేమ తాగే. మన పొడిగాలిలో ఆ తేమ దొరకదు కాబట్టి చేత్తో ఇవ్వాలి. ఫోమును సందు నిండా కొట్టడు, సగానికి కాస్త పైన ఆపుతాడు. మిగతాది అదే పొంగుతుంది. అత్యాశకు పోయి నింపితే ఆ పొంగుకు చట్రం లోపలికి వంగి, రెక్క జరగనని మొరాయిస్తుంది.

ఆరాక పైకి ఉబికిన దాన్ని కత్తితో కోసి, ఇంకాస్త లోపలికి చెక్కుతాడు. ఎండ తగిలితే ఫోము పసుపెక్కి పొడిగా రాలుతుంది, దాన్ని కప్పక తప్పదు. ఆ చెక్కిన గాడిలో గుండ్రటి ఫోము తాడు నొక్కుతాడు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ తాడే. బయట ఎవరికీ కనపడదు. పైన పూసే సిలికాను దానికి అంటుకోదు, అటు గోడనూ ఇటు చట్రాన్నీ మాత్రమే పట్టుకుంటుంది. వెనక పట్టు లేదు కాబట్టి రబ్బరులా సాగగలదు. మూడు వైపులా అంటుకుంటే ఎటూ సాగలేక చినుగుతుంది.

ఇక సిలికాను. పులుపు వాసన కొట్టే రకం సిమెంటు మీద సరిగా నిలవదు, కొన్ని రాళ్ల మీద మరకలూ వేస్తుంది. వాసన లేని న్యూట్రల్ రకమే వాడాలి. రెండు పక్కలా టేపు అంటించి, గన్ను ఆపకుండా ఒక్క ఊపులో లాగి, సబ్బునీళ్లలో ముంచిన వేలితో దిద్ది, తడి ఆరకముందే టేపు లాగేస్తాడు. గీత గీసినట్టు అంచు తేలుతుంది. ఇంటి లోపలి వైపు మాత్రం అక్రిలిక్ సీలెంటు. సిలికాను మీద పెయింటు నిలవదు మరి.

ఈ సీమకు పూడ్చే విద్య కొత్తదేం కాదు. మట్టి మిద్దెల మీద వానలకు ముందు చౌడుమన్ను పరిచేవారు. సోడియం లవణాలున్న ఆ మన్ను తడిసిందంటే మెత్తగా విడిపోయి సందుల్ని తనే మూసుకుంటుంది. వాన పడినప్పుడే పనిచేసే ఆ మందుకు ఇప్పటి డబ్బాల్లో పోటీ లేదనుకుంటాను.

కిటికీ చుట్టూ అన్నీ మూసిన ఆ ఫిట్టరు కింది చట్రం బయటి వైపున్న చిన్న గాట్లను మాత్రం ముట్టలేదు. దుమ్ము వస్తుందని ఇంటాయన వాటినీ పూడ్చమన్నాడు. "అవి మూస్తే లోపల పడిన నీళ్లు యాడికి పోతాయి సామీ? మీ గోడలోకే" అన్నాడు. కింది పట్టాలో పడిన వాన బయటికి పోయే దారులవి. ఇంటాయన సగం నమ్మాడు. ఫిట్టరు చెంబుతో ఆ పట్టాలో నీళ్లు పోశాడు. గాట్లలోంచి రెండు ధారలు గట్టు మీద పడి, వాలు వెంబడి వీధిలోకి జారాయి.