తడి కాగితం పట్టుకున్న రంగు

"అయ్యో మాస్టారూ, రంగంతా కరిగిపోతుంది!" అంటూ ఆ అమ్మాయి బొమ్మను గుండెలకు హత్తుకుంది. రెండు రోజులు కూర్చుని వేసింది మరి. నూతి దగ్గర బిందె దించుతున్న ఆడమనిషి, వెనక మామిడి కొమ్మ. నేను చూపించిందేమో వరండాలో నీళ్ళు నింపి పెట్టిన వెడల్పాటి టబ్బు.

"పోయేంత పోనీ అమ్మా. కాగితం పట్టుకున్నంత ఉంటుంది" అన్నాను.

కళ్ళు మూసుకుని ముంచింది. నీళ్ళు కాస్త నీలంగా, కాస్త ఎర్రగా మారాయి. పైకి తీసి చూస్తే బొమ్మ ఉంది. పొద్దుట బిందె మీద పొడిగా, అతికించినట్టు కనిపించిన రంగు ఇప్పుడు కాగితంలోంచే వస్తున్నట్టుంది. నీటిరంగుల్లో వాష్ పద్ధతి అంటే ఇదే. తిరువూరు లాంటి ఊళ్ళో బొమ్మలు నేర్చుకునే పిల్లలకు ఇది తప్పక చేతికి రావాలని నా పట్టుదల.

పని ఇలా సాగుతుంది. దళసరి కాగితం మీద పెన్సిలుతో తేలిక గీత. దాని మీద పల్చటి రంగులు. బాగా ఆరాక కాగితాన్ని మొత్తంగా నీళ్ళలో ముంచాలి. పైపైన ఉన్న రంగు తేలిపోతుంది, పోగుల్లోకి దిగింది నిలుస్తుంది. నీరు ఓడ్చి, తడి మెరుపు తగ్గే వేళకు వెడల్పు కుంచెతో ఒకే పల్చటి రంగును అంచు నుంచి అంచు దాకా పరవాలి. దానితో ఆకాశం, చీర, నేల అన్నీ ఒకే గాలి పీల్చుకున్నట్టు దగ్గరవుతాయి. మళ్ళీ ఆరబెట్టడం, మళ్ళీ రంగు, మళ్ళీ ముంచడం. కొన్ని బొమ్మలకు ఇది పదిసార్లయినా జరుగుతుంది. తెలుపు కావలసిన చోట తెల్లరంగు వెయ్యం, కాగితపు తెలుపునే మిగుల్చుకుంటాం. కంటిరెప్ప, వేలి కొస, నగల అంచు లాంటివన్నీ చివర్లో సన్నకుంచె గీతతో తేలతాయి. తొందరపడి ఆరకముందే రెండో రంగు పెడితే మొత్తం మడ్డైపోతుంది. దాన్ని చెరిపి సరిచెయ్యడం ఉండదు. మే నెలలో మా ఊరి ఎండకు కాగితం పరుగున ఆరిపోతుంది కాబట్టి పని తెల్లారగట్లే మొదలుపెడతాం. వానాకాలమైతే కాగితం ముందు కూర్చుని ఎదురుచూడ్డమే సగం చదువు.

ఈ విద్య మన దగ్గరికి దూరం నుంచే వచ్చింది. 1903లో యొకోయామా తైకాన్, హిషిదా షున్సో అనే జపాను చిత్రకారులు కలకత్తా వచ్చారు. తైకాన్ కుంచెతో కాగితాన్ని తడుపుతుంటే చూసిన అవనీంద్రనాథ ఠాకూరు, తన బొమ్మను ఏకంగా నీళ్ళలోనే ముంచి చూశాడని చెబుతారు. అక్కణ్ణుంచి అది బెంగాలు చిత్రకారుల చేతికి అలవాటైంది. మా కృష్ణా జిల్లాకు బందరు మీదుగా చేరింది. 1910లో మొదలైన ఆంధ్ర జాతీయ కళాశాలలో బెంగాలు నుంచి వచ్చిన ప్రమోదకుమార ఛటర్జీ చిత్రకళ నేర్పాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళలో అడివి బాపిరాజు ఒకరు. తిరువూరు ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉంది గానీ, ఆ బందరు కళాశాల మా పాత జిల్లాదే. అందుకే నాకది ఇంటి సంగతి.

అయితే కొత్తగా కుంచె పట్టిన స్థానిక యువకులు కలిసికట్టుగా ఏం చెయ్యగలరో చూడాలంటే గోదావరి ఒడ్డుకే పోవాలి. దామెర్ల రామారావు 1897లో రాజమండ్రిలో పుట్టాడు. ఆ ఊరి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే అతని చేతిని గుర్తించి బొంబాయి జె.జె. స్కూలుకు పంపాడు. అక్కడ మనిషి ఒంటి నిర్మాణాన్ని కళ్ళెదుట చూసి గీసే శిక్షణ దొరికింది. అజంతా గీత అప్పటికే మనసులో ఉంది. బెంగాలు వాళ్ళ పొగమంచు రంగునూ చూశాడు. ఈ మూడింటినీ కలుపుకుని, ఒకదానికీ లొంగకుండా తనదైన తెలుగు గీత తెచ్చుకున్నాడు. బొంబాయిలోనో కలకత్తాలోనో స్థిరపడకుండా సొంత ఊరికి వచ్చి చిత్రకళాశాల పెట్టడమే నా దృష్టిలో అతని అన్నిటికన్నా పెద్ద పని. అతని చుట్టూ ఉన్నవాళ్ళంతా దాదాపు అతని ఈడువాళ్ళే, ఇంటివాళ్ళూ స్నేహితులూ. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ బొమ్మలు వేశారు. మిత్రుడు వరదా వెంకటరత్నం వెన్నంటి ఉన్నాడు. 1924లో వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శన దాకా దామెర్ల బొమ్మలు వెళ్ళాయి. 1925 ఫిబ్రవరిలో మశూచి అతన్ని తీసుకుపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు.

ఆ దుఃఖంలో బొమ్మలు తలో చోటికీ చెదిరిపోవలసిందే. చెదరలేదు. వెంకటరత్నం ఆ కళాశాలను నిలబెట్టి, ఏళ్ళ తరబడి పిల్లలకు నేర్పాడు. ఈనాడు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీలో 'పుష్పాలంకరణ', 'ఋష్యశృంగ బంధనం' లాంటివి అదే ఊళ్ళో చూడగలుగుతున్నామంటే ఆ ఓపికే కారణం.

నీటిరంగు బొమ్మలు చూపడానికి చిన్న గది చాలంటారు. నేనైతే చిన్న గదే కావాలంటాను. ఇవి మూరెడు దూరంలో నిలబడి చూడవలసినవి. పెద్ద హాల్లో పది అడుగుల అవతలి నుంచి చూస్తే మిగిలేది లేతరంగు మచ్చ ఒక్కటే. దగ్గరికి పోతేనే గీత ఎక్కడ సన్నబడిందో, ఏ మలుపు దగ్గర కుంచె ఊపిరి బిగబట్టిందో, చీర మడత కింద ఎన్ని పూతలు దాగాయో తెలుస్తుంది. అచ్చు పుస్తకంలో, ఫోను తెరలో ఇవేవీ రావు. కాగితపు తెలుపు మీద పడి పల్చటి పొరల గుండా తిరిగొచ్చే వెలుతురే ఈ బొమ్మకు ప్రాణం. అచ్చు సిరా దాన్ని పట్టలేదు. నలుగురి బొమ్మలు పక్కపక్కన వేలాడదీస్తే ఇంకో మేలుంది. ఒకే టబ్బులో మునిగిన కాగితాలు నాలుగు చేతుల్లో నాలుగు రకాలుగా తేలడం కళ్ళారా కనిపిస్తుంది. ఏ గురువూ మాటల్లో చెప్పలేని పాఠం అది.

ఆ గదికి కావలసినవి కొన్నే. సూటి ఎండ పడకూడదు, పడితే రంగు వెలిసిపోతుంది. గోడకు చెమ్మ ఉండకూడదు. అద్దం బొమ్మకు తగలకుండా మధ్యలో దళసరి అట్ట చట్రం పెట్టాలి. లేకపోతే వానాకాలంలో కాగితం అద్దానికి అంటుకుంటుంది, బూజు పడుతుంది. వెండిపురుగు పట్టిందేమోనని ఏడాదికోసారైనా చట్రాలు విప్పి చూడాలి. ఇంతకు మించి ఖర్చు లేదు. తిరువూరులో ఒక పాత పెంకుటింటి ముందుగది, ఉత్తరం వైపు కిటికీ ఉంటే చాలు. మా పిల్లల పన్నెండు బొమ్మలు పట్టేస్తాయి.

ఆ అమ్మాయి బొమ్మ ఇప్పటికి మూడుసార్లు మునిగింది. మామిడి కొమ్మ కాస్త వెనక్కి తగ్గి, బిందె అంచు ముందుకొచ్చింది. నిన్న సాయంత్రం తనే నీళ్ళు తెచ్చి టబ్బు నింపి, కాగితాన్ని రెండు చేతులతో మెల్లగా దించింది. నీలం నీళ్ళలోకి వెళ్ళిపోతుంటే ఈసారి కళ్ళు మూసుకోలేదు, వంగి చూస్తూ నిలబడింది.