దౌర్బల్యమును కొలుచు కొలబద్ద

వార్ధక్యమున మానవులందరు ఒకే తీరున ఉండరు. ఎనుబదియేండ్లు దాటియు పొలమునకు నడచిపోవువారు కలరు. డెబ్బదియేండ్లకే మంచము దిగి నిలువలేనివారును కలరు. ఈ రెండవ తరగతివారికి చిన్న జ్వరము వచ్చినను, ఒకసారి జారిపడినను తిరిగి కోలుకొనుట కష్టము. శరీరములోని పలు అవయవములలో నిలువయుండిన శక్తి క్రమముగా తరిగిపోవుటయే ఇందుకు కారణము. ఈ స్థితినే వైద్యశాస్త్రమున దౌర్బల్యమందురు. కంటికి తోచు ఇట్టి స్థితిని అంకెలలో కొలుచుట యెట్లు?

2001లో అమెరికాలో లిండా ఫ్రీడ్ అను వైద్యురాలును, ఆమె సహచరులును 65 ఏండ్లు మొదలు ఆపై వయస్సుగల 5,317 మందిని పరిశీలించి ఒక కొలబద్దను ప్రకటించిరి. దానిలో అంశములు ఐదు: ఏడాదికాలమున తాము కోరకయే 10 పౌనులు, అనగా సుమారు నాలుగున్నర కిలోలు, బరువు తగ్గుట, అలసట, పిడికిలి పట్టు సడలుట, 15 అడుగులు నడచుటకు ఎక్కువ కాలము పట్టుట, శరీరశ్రమ తగ్గుట. మూడుగాని అంతకు మించిగాని ఉన్నచో దౌర్బల్యము. ఒకటి రెండున్నచో దానికి పూర్వదశ. ఆ పరిశీలనలో నూటికి సుమారు ఏడుగురు దుర్బలులుగా తేలిరి. వారు ఇతరులకంటె ఎక్కువగా పడిపోవుట, ఆసుపత్రి పాలగుట, మరణించుట కనబడెను. కొద్ది పరికరములతో, కొద్ది సమయములో ఇంత చెప్పగలుగుట ఈ కొలబద్దకు గల గొప్ప గుణము.

అయితే ఇది ముఖ్యముగా ఇండ్లలో తిరుగాడు వృద్ధులకొరకు ఏర్పడినది. దీనినే గుండె వైఫల్యముగల రోగులకు వర్తింపజేయునపుడు చిక్కు వచ్చును. గుండె వైఫల్యమనగా గుండె ఆగిపోవుట కాదు. శరీరమునకు వలసినంత రక్తమును అది సరిగా అందింపలేకపోవుట. అందువలన అలసట కలుగును, నడక మందగించును, పనిపాటలు తగ్గును. అనగా ఐదు అంశములలో మూడు ఈ రోగలక్షణములే! బరువు విషయమున లోపము ఇందుకు వ్యతిరేకముగా ఉండును. ఒంటికి నీరు పట్టుటచే, కండ కరిగినను తూకము తగ్గదు. తడిసిన దూదిమూటను తూచి దూది యెంతయో చెప్పుట యెట్టిదో ఇదియు అట్టిదే. ఒకవైపు కొలబద్ద ఉన్నదానికంటె ఎక్కువ చూపును. మరియొకవైపు ఉన్నదానిని దాచును.

అంతమాత్రమున దీనిని త్రోసివేయుటయు న్యాయము కాదు. 26 పరిశోధనలను, సుమారు 6,900 మంది రోగులను ఒకచోట చేర్చి చూచిన సమీక్ష 2017లో వెలువడినది. వివిధ కొలబద్దల ప్రకారము ఆ రోగులలో నూటికి సుమారు 45 మంది దుర్బలులు. ఆ పరిశోధనలను పోల్చి చూడగా, ఈ సంఖ్యకు రోగుల వయస్సుతోగాని, రోగతీవ్రతనుబట్టి వేయు తరగతితోగాని స్పష్టమైన సంబంధము కనబడలేదు. దౌర్బల్యము కేవలము గుండెజబ్బు నీడయే అయినచో ఆ తీవ్రతతోపాటు అదియు పెరుగవలెను గదా!

ఈ చర్చ కేవలము పదములను గూర్చినది కాదు. "దుర్బలుడు, మందులకు తాళలేడు" అను తలంపుతో వృద్ధునికి చికిత్స తగ్గించు ప్రమాదము కలదు. 4,744 మంది రోగులపై డాపాగ్లిఫ్లోజిన్ అను మందును పరీక్షించిన ఫలితములు 2019లో వెలువడినవి. వాటినే దౌర్బల్యముననుసరించి 2022లో తిరిగి విభజించి చూడగా, మిక్కిలి దుర్బలులకును ఆ మందువలన మేలు తగ్గలేదని తేలెను.

2021లో ప్రకటితమైన మరియొక పరీక్షలో, గుండె వైఫల్యము ముదిరి ఆసుపత్రిలో చేరిన 349 మందిని తీసికొనిరి. అందరును 60 ఏండ్లు మొదలు ఆపై వయస్సువారు. కొందరికి సామాన్య చికిత్సతోపాటు బలమునకు, నిలకడకు, నడకకు, ఓర్పునకు తగిన వ్యాయామము నేర్పిరి. నిలకడ, నడకవేగము, కుర్చీనుండి లేచుట కలిపి 12 మార్కులకు కొలువగా, మూడు నెలలకు వారికి 8.3, మిగిలినవారికి 6.9 వచ్చినవి. కాని ఆరు నెలలలో తిరిగి ఆసుపత్రిలో చేరుటలో చెప్పుకోదగిన భేదము లేదు. ఆసుపత్రి లెక్క మాత్రమే చూచువారు దీనిని వైఫల్యమందురు. ఆయుస్సు పెరిగినదని ఈ పరీక్ష చెప్పలేదు, నిజమే. అయినను పరుల చేయూత లేక కుర్చీనుండి లేచుట వృద్ధునికి స్వల్పలాభము కాదు.

కావున ఈ కొలబద్దను విడువనక్కరలేదు. వాడు తీరు మారవలెను. ఒంటినీరు తగ్గిన పిమ్మట మరల కొలువవలెను. జ్ఞాపకశక్తిని, మనఃస్థితిని, ఇంటిలో ఆదుకొనువారు కలరా లేరా అను విషయమును గూడ చూడవలెను. యూరోపియన్ హృద్రోగ వైద్యుల సంఘమునకు చెందిన గుండె వైఫల్య శాఖ 2019లో సూచించినదియు ఇట్టి సమగ్రమైన పరిశీలననే. దౌర్బల్యమని తేలిన రోగికి ఇంకను ఏమేమి చేయవలెనో తెలిసికొనుటకు ఈ కొలత ఉపకరించవలెను గాని, చికిత్స మానుటకు సాకు కారాదు.