గుమ్మానికి కట్టినా బతికే కలబంద

కర్నూలు జిల్లా కోడుమూరు వైపు పల్లెల్లో చాలా ఇళ్ల గుమ్మాలకు కలబంద దుబ్బు తలకిందులుగా వేలాడుతుంటుంది. వేళ్లు పైకి, ఆకులు కిందికి. దిష్టి తగలకూడదని ఎక్కువగా అమావాస్య నాడు కడతారు. మట్టి లేదు, చుక్క నీరు లేదు. అయినా నెలల తరబడి పచ్చగానే ఉంటుంది. మొవ్వు మెల్లగా పైకి వంపు తిరుగుతుంది, ఒక్కోసారి అలా వేలాడుతూనే పూలకంకి వేస్తుంది. దిష్టి మాట ఎలా ఉన్నా, ఆ మొక్క సత్తా మన పెద్దలకు బాగా తెలుసు.

ఆ సత్తాకు కారణం ఉంది. తక్కిన మొక్కల్లో చాలావరకు పగలు ఆకు రంధ్రాలు తెరుస్తాయి, ఆ దారినే నీరు ఆవిరైపోతుంది. కలబంద పగలు వాటిని మూసుకుని రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది. అప్పుడు పీల్చిన బొగ్గుపులుసు వాయువును ఆమ్లంగా దాచుకుని, తెల్లారాక ఎండతో ఆహారం వండుకుంటుంది. ఆకు మీద మైనపు పొర, లోపల గుజ్జు. ఆ గుజ్జులో 98 శాతానికి పైగా నీరే. దీని పుట్టిల్లు అరేబియా ద్వీపకల్పమని 2015లో వెలువడిన జన్యు పరిశోధన తేల్చింది. ఏడాదికి 500 నుంచి 750 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే కర్నూలు సీమ దానికి పరాయి నేల ఏమీ కాదు.

అందుకే ఇక్కడ కలబంద ఎండకు చావదు, నీళ్లెక్కువై చస్తుంది. తల్లి దుబ్బు పక్కన వచ్చే పిలకను వేరుతో సహా తీసి, తెగిన చోటు ఆరేదాకా రెండు మూడు రోజులు నీడన ఉంచి నాటాలి. ఎర్రనేల అయితే దిగులు లేదు. నల్లరేగడి అయితే ఇసుక, గరుసు కలిపి, మడి ఎత్తు చేసి నాటాలి. లేకపోతే ముసురు పట్టినప్పుడు మొదలు కుళ్లి, ఆకు పట్టుకుంటే చేతికి ఊడివస్తుంది. కుండీకి అడుగున రంధ్రం తప్పనిసరి. వేలు గుచ్చి చూడండి, లోపలి మట్టి కూడా ఎండితేనే నీళ్లు పోయండి. మండువేసవిలో ఆకులు ఎర్రబారితే కంగారుపడి బిందెలు కుమ్మరించవద్దు. కాస్త నీడ తగిలితే మళ్లీ పచ్చబడతాయి.

పొలం గట్ల మీద పెరిగే కిత్తనారను కలబందే అనుకునేవాళ్లున్నారు. విరిచి చూస్తే తేడా తెలుస్తుంది. కిత్తనార మట్టలో గట్టి పీచు ఉంటుంది, దాని రసం ఒంటికి తగిలితే దురద పెడుతుంది. కలబందలో జిగురు గుజ్జు ఉంటుంది.

ఆకు కోసేటప్పుడు అడుగున ముదిరినవే కోయాలి, మొవ్వు జోలికి పోకూడదు. కోసిన ఆకును కాసేపు నిలబెడితే పసుపుపచ్చని చేదు రసం కారిపోతుంది. దాన్ని ఎండబెడితే వచ్చేదే ముసాంబరం, గట్టి విరేచనకారి. అమెరికా ప్రభుత్వం 2002లో దుకాణాల్లో నేరుగా అమ్మే విరేచన మందుల్లో దాన్ని నిషేధించింది. గర్భిణులు దాని జోలికే పోకూడదు. కాలిన చోట, ఎండకు కమిలిన చోట పూయాల్సింది కడిగి తీసిన తెల్లని గుజ్జు మాత్రమే.

ఎకరాల్లో వేద్దామనుకునే రైతులకు ఒక మాట. కోసిన ఆకు నిలవుండదు, వెంటనే గుజ్జు తీసే చోటికి చేరాలి. తిరిగి కొంటామని చెప్పి పిలకలు అమ్మేవాళ్ల మాట నమ్మకండి. కొనే ఫ్యాక్టరీని కళ్లారా చూసి, రాతపూర్వకంగా ఒప్పందం చేసుకున్నాకే నాటండి.